పసుపు వేళ్ళకు కావలి

తెలుగునాట శుభకార్య మేదైనను పసుపుతోనే ఆరంభమగును. గడపకు పసుపు, పెండ్లికూతురికి పసుపు, కూరలో పసుపు, గాయమునకు పసుపు. దుగ్గిరాల, మైదుకూరు, టేకూరుపేట, ఆర్మూరు అనునవి మనకు ఊళ్ళ పేర్లు మాత్రమే కావు. ఆ పేర్లతో ప్రసిద్ధికెక్కిన పసుపు రకములును కలవు. 2022-23వ సంవత్సరమున మన దేశమందు 3 లక్షల హెక్టార్లకు పైబడిన భూమిలో 11 లక్షల టన్నులకు మించి పసుపు పండినది. ప్రపంచమున పండు పసుపులో నాలుగింట మూడుపాళ్ళు మనదే. 2025లో జాతీయ పసుపు బోర్డు నిజామాబాదు నగరమున నెలకొన్నది. ఇట్లు లోకమునకెల్ల పసుపు నిచ్చు మన రైతు ఒక శత్రువునకు మాత్రము ఏటేట భయపడుచుండును. ఆ శత్రువు మంటి క్రింద నుండును. దానిని మంటి క్రిందనే ఎదుర్కొను మిత్రులును కలరు. ఆ మిత్రులను గూర్చి ఈ పాఠమున తెలిసికొందము.

పసుపు మొక్క పూచును గాని గింజ కట్టదు. కావున రైతు గింజకు మారుగా దుంపనే నాటును. తొలకరి వానలు పడిన పిమ్మట, జూను, జూలై నెలలలో, తల్లిదుంపలనో, మొలకెత్తు కన్నులుగల కొమ్ములనో భూమిలో పెట్టుదురు. ఎకరమునకు 800 మొదలు 1,000 కిలోల వరకు విత్తనపు దుంప పట్టును. రకమునుబట్టి 7 మొదలు 9 నెలలకు పంట చేతికి వచ్చును. త్రవ్వి తీసిన దుంపలను ఉడుకబెట్టి, ఎండబెట్టి, మెరుగుపెట్టిన తరువాతనే అంగడికి చేర్చుదురు. ఈ పంటకు వ్యయము ముందు, ఆదాయము వెనుక. విత్తనమునకు, ఎరువునకు, కూలికి తెచ్చిన అప్పు, దుంప అమ్ముడుపోయిన గాని తీరదు. నడుమ మొక్క చచ్చినచో ఆ యేటికి మరల నాటుటకు అదను లేదు. కావుననే పసుపు చేనికి వచ్చు తెగులు కేవలము మొక్కకు వచ్చు తెగులు కాదు. ఒక కుటుంబము యొక్క యేడాది బ్రతుకును కదలించు ఆపద.

భాద్రపద మాసమున వానలు విడువక కురిసి, చేలో నీరు నిలిచిన పిమ్మట, పచ్చని తోటలో అక్కడక్కడ కొన్ని మొక్కలు వాడి కనబడును. మొదట అడుగు ఆకుల అంచులు ఎండును. క్రమముగా ఆకంతయు పాలిపోయి వ్రేలాడును. కాండము నేలను తాకుచోట నీరుపట్టి మెత్తబడును. చేతితో లాగినచో మొక్క సులభముగా ఊడివచ్చును. వేళ్ళు కుళ్ళి యుండును. దుంపను చిదిమి చూచినచో నిగనిగలాడు నారింజవన్నె పోయి, గోధుమవన్నె ముద్దగా మారియుండును. దీనినే రైతులు దుంపకుళ్ళు అందురు. ఒకచోట మొదలైన కుళ్ళు నీటివాలును పట్టి ప్రక్కమొక్కలకు ప్రాకును. తెగులు తీవ్రమైన యేట సగము పంట పోవుటయు కలదు. ఇందు మిక్కిలి బాధాకరమైన సంగతి యొకటి. ఆకు వాడుట చూచి రైతు మేల్కొనునప్పటికే దుంప లోపల కుళ్ళి యుండును. అప్పుడు మందు పోయుట చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొనుటయే యగును. కుళ్ళిన దుంప తిరిగి గట్టిపడదు.

ఈ తెగులునకు ముఖ్యకారకములు పిథియం, ఫ్యుజేరియం అను సూక్ష్మజీవులు. వీనిలో ఫ్యుజేరియం శిలీంధ్రము, అనగా బూజుజాతికి చెందినది. పిథియం గూడ చూచుటకు సన్నని దారములవలెనే యుండును. కాని శాస్త్రజ్ఞులు దానిని నిజమైన శిలీంధ్రములనుండి వేరుచేసి, నీటిబూజుల వర్గమున చేర్చినారు. దాని సిద్ధబీజములకు సన్నని తోకలు కలవు. మంటిరేణువుల నడుమ నీరు నిలిచినచో అవి ఆ నీటిలో ఈదుచు, లేతవేళ్ళనుండి ఊరు రసముల జాడను పట్టి వేరును చేరును. పసుపుచేలో నీరు నిలువరాదని పెద్దలు చెప్పుటకు కారణ మిదియే. నిలిచిన నీరు తెగులునకు రాచబాట వంటిది. మఱియొక చిక్కు కలదు. దుంపనుండి దుంప పెరుగు పంట గనుక, నిరుటి తెగులు ఈయేటి విత్తనముతోనే క్రొత్తచేలోనికి పోవును. మంటిలో మిగిలిన గట్టి సిద్ధబీజములు చిరకాలము నిద్రించి, తేమయు వేరును దొరకినప్పుడు మేల్కొనును.

ఇట్టి తెగులును మందులతో నాశనము చేయరాదా యని మీరు అడుగవచ్చును. రసాయన ఔషధములు లేకపోలేదు. విత్తనశుద్ధికి, మొక్కల మొదళ్ళ చుట్టును పోయుటకు వానిని వాడుచునే యున్నారు. కాని మన్ను మిక్కిలి లోతైనది, విశాలమైనది. పోసిన మందు శత్రువు దాగిన ప్రతి మూలకును చేరదు. చేరినచోట కొన్ని మందులు శత్రువుతోపాటు మిత్రులను గూడ చంపును. ఆ మీదట ఖాళీపడిన తావునకు మరల ముందుగా వచ్చునది శత్రువే కావచ్చును. అడవిలో పెరుగు అల్లము, పసుపు జాతుల మొక్కలకు మందు పోయువా డెవ్వడు? అవి ఒకదానికొకటి ఎడముగా, ఇతర మొక్కలతో కలిసి పెరుగుట ఒక కారణము. వాని వేళ్ళచుట్టునున్న మన్ను ప్రాణముతో నిండియుండి, ఏ యొక్క జీవియు మితిమీరి పెరుగకుండ ఒండొంటిని అదుపులో నుంచుకొనుట రెండవ కారణము. ఈ రెండవ కారణమును గ్రహించిన శాస్త్రజ్ఞులు, వేళ్ళకు కావలిగా మేలుచేయు శిలీంధ్రములనే నిలుపవచ్చునని కనుగొనిరి.

శిలీంధ్రమనగానే మనకు పాడైన రొట్టె, బూజుపట్టిన పచ్చడి, చెట్టును తిను పుట్టగొడుగు తలపునకు వచ్చును. కాని అన్ని శిలీంధ్రములును చెడ్డవి కావు. 1928లో అలెగ్జాండర్ ఫ్లెమింగు ఒక బూజునందే పెన్సిలిన్ అను ప్రాణరక్షకమైన ఔషధమును కనుగొనెను. నేలపై రాలిన ఆకులను, కట్టెలను జీర్ణించి మంటిలో కలుపు పనిని అధికముగా చేయునవి శిలీంధ్రములే. అవి లేనిచో అడవులు తమ రాల్చిన ఆకులలో తామే పూడిపోయెడివి. పసుపు వేళ్ళకు సాయపడు శిలీంధ్రములలో రెండు తెగలు ముఖ్యమైనవి. ఒకటి శత్రువుతో పోరాడు తెగ. దాని పేరు ట్రైకోడెర్మా. మఱియొకటి వేరుతో చెలిమిచేసి దానిని పోషించు తెగ. దానికి మైకొరైజా అని పేరు. ఒకటి బంటు, ఒకటి దాది యని చెప్పవచ్చును.

మొదట బంటును గూర్చి తెలిసికొందము. ట్రైకోడెర్మాకు ఆ పేరు పెట్టినవాడు పెర్సూన్ అను వృక్షశాస్త్రవేత్త. అది 1794వ సంవత్సరపు మాట. ఆనాడు దానిని కుళ్ళిన కట్టెపై కనబడు ఒక సామాన్యమైన పచ్చబూజుగానే ఎంచిరి. దాని పరాక్రమమును లోకమునకు తెలిపినవాడు రిచర్డు వైన్‌డ్లింగు. అతడు అమెరికా దేశమున కాలిఫోర్నియాలో పరిశోధనలు చేయుచు, ఈ పచ్చబూజు మంటిలోని యితర బూజులను పట్టి తినుచున్నదని 1932లో ప్రకటించెను. తరువాత రెండేండ్లకు, అది శత్రువులను చంపు విషపదార్థమును గూడ స్రవించునని తెలిపెను. మొక్కల తెగుళ్ళపై జీవులనే ఆయుధములుగా వాడవచ్చునను ఆలోచనకు ఇది బలమైన పునాది యైనది.

ట్రైకోడెర్మా యుద్ధము చేయు విధము మిక్కిలి చిత్రమైనది. అది మొదట తావు ఆక్రమించును. దాని దారములు చురుకుగా పెరిగి వేరుచుట్టునున్న చోటును, ఆహారమును ముందుగా చేజిక్కించుకొనును. ఆలసించి వచ్చిన శత్రువునకు నిలువ నీడ దొరకదు. రెండవది ముట్టడి. శత్రువు యొక్క దారము ఎదురైనచో ట్రైకోడెర్మా దారము దానిని తీగవలె చుట్టుకొనును. చుట్టుకొని, దాని గోడను కరిగించు జీర్ణరసములను విడుచును. ఫ్యుజేరియం గోడలో కైటిన్ అను పదార్థము కలదు. రొయ్యల పెంకులోను, పురుగుల పెంకులోను ఉండునదియు అదే. పిథియం గోడ ముఖ్యముగా సెల్యులోజు మొదలగు పదార్థములతో కట్టబడినది. ఈ రెండు విధములైన గోడలను కరిగించు రసములు ట్రైకోడెర్మాయొద్ద కలవు. గోడకు కన్నము పడినంతనే లోని సారమును పీల్చివేయును. మూడవది విషప్రయోగము, వైన్‌డ్లింగు కనిపెట్టినది దీనినే. నాలుగవది హెచ్చరిక. ట్రైకోడెర్మా వేరును తాకినప్పుడు, మొక్క తన శరీరమందలి రక్షణ సాధనములను ముందుగనే సిద్ధపరచుకొనును. పిమ్మట నిజమైన శత్రువు వచ్చినప్పుడు అది ఏమరుపాటున చిక్కదు.

ఇక దాదిని గూర్చి. 1885లో ఆల్బర్టు బెర్నార్డు ఫ్రాంకు అను జర్మను వృక్షశాస్త్రజ్ఞుడు అడవిచెట్ల వేళ్ళను పరీక్షించెను. నేలలో పెరుగు ట్రఫుల్ అను విలువైన పుట్టగొడుగును సాగుచేయు మార్గము వెదకుమని ప్రష్యా ప్రభుత్వము అతనిని నియోగించి యుండెను. ఆ పని సఫలము కాలేదు గాని, అంతకంటె గొప్ప సంగతి యొకటి అతనికి దొరకెను. ఆరోగ్యముగానున్న చెట్ల వేరుకొనలను బూజు దారములు కప్పి యుండెను. అయినను ఆ చెట్లకు తెగులు లేదు. శిలీంధ్రము చెట్టును తినుటలేదు, దాదివలె పోషించుచున్నదని ఫ్రాంకు వాదించెను. ఈ కలయికకు శిలీంధ్రము, వేరు అను అర్థములుగల రెండు గ్రీకు పదములను కూర్చి మైకొరైజా అని పేరు పెట్టెను. ఆనాటి పండితులు పెక్కుమంది ఈ మాటను నమ్మలేదు. బూజు పట్టిన వేరు బాగుపడు టెట్లని ఆక్షేపించిరి.

కాలక్రమమున అతని మాటయే నిజమని తేలెను. ప్యూర్టోరికో ద్వీపమున దేవదారువంటి పైను చెట్లను పెంచుటకు ఎన్ని మారులు ప్రయత్నించినను మొలకలు పసుపువారి చచ్చుచుండెను. 1950 దశాబ్దమున, పైను చెట్లు సహజముగా పెరుగు అడవినుండి తెచ్చిన మంటిని మొలకల మొదట వేయగా అవి కోలుకొని పెరుగసాగెను. ఆ మంటితో వచ్చినది ఫ్రాంకు చెప్పిన చెలికాడే. అదే దశాబ్దమున ఇంగ్లండులో బార్బరా మోస్ అను శాస్త్రజ్ఞురాలు, వేరు లోపలికి చొచ్చి పెరుగు మఱియొక విధమైన మైకొరైజాను పరిశోధించెను. ఆ శిలీంధ్రము గల ఆపిలు మొక్కలు, లేని మొక్కలకంటె చక్కగా పెరుగునని 1957లో ప్రకటించెను. మన పసుపు వేళ్ళలో నివసించునది ఈ రెండవ తెగయే. భూమిపై నున్న మొక్కల జాతులలో ప్రతి పదింట సుమారు ఏడింటికి ఈ చెలిమి కలదు. స్కాట్లండు దేశపు రైనీ గ్రామమున దొరకిన శిలలలో, 40 కోట్ల యేండ్లకు పూర్వపు మొక్కలందు గూడ ఈ శిలీంధ్రపు జాడలు కనబడినవి. మొక్కలు నేలపై స్థిరపడిన తొలినాళ్ళనుండియు ఈ స్నేహము సాగుచున్నదన్నమాట.

ఈ స్నేహమున ఇచ్చి పుచ్చుకొనుట కలదు. శిలీంధ్రపు దారము వేరులోనికి ప్రవేశించి, వేరు కణములలో చిన్న చెట్టువలె కొమ్మలు కొమ్మలుగా చీలును. ఆ చిట్టిచెట్టే అంగడివీధి. అక్కడ మొక్క తాను ఎండలో వండిన చక్కెర, కొవ్వు పదార్థములను శిలీంధ్రమున కిచ్చును. శిలీంధ్రము తాను మంటిలో సేకరించిన భాస్వరమును, జింకు మొదలగు లవణములను, కొంత నీటిని మొక్క కిచ్చును. భాస్వరము మంటిలో అంగుళమైనను తనంతట కదలదు. వేరు తనకు దగ్గరగానున్న భాస్వరమును తీసికొన్న తరువాత, చుట్టునున్న మంటిలో కొరత పడును. వేరునకు అందని చోటులకు శిలీంధ్రపు దారములు ప్రాకిపోవును. అవి వేరునూగుకంటె సన్ననివి. వేరు చొరలేని సందులలో గూడ చొరగలవు. మొక్క తాను తయారుచేసిన ఆహారములో నూటికి 4 మొదలు 20 పాళ్ళవరకు ఈ చెలికానికై వెచ్చించునని శాస్త్రజ్ఞులు లెక్కించినారు. ఇది చిన్న కూలి కాదు. అయినను మొక్క దానిని చెల్లించుటనుబట్టియే ఆ సేవ విలువ తెలియుచున్నది.

పోషించు దాది రక్షణము గూడ చేయును. కడుపునిండ తిన్న బిడ్డ రోగమునకు తట్టుకొన్నట్లు, చక్కగా పోషింపబడిన మొక్క తెగులునకు తట్టుకొనును. కొన్ని వేళ్ళు చెడినను క్రొత్తవేళ్ళు వేసికొనును. అంతేకాక, శిలీంధ్రము ముందుగా నివాసమేర్పరచుకొన్న వేరులో శత్రువునకు తావు తక్కువగును. ట్రైకోడెర్మావలెనే ఇదియు మొక్క యొక్క సహజమైన రక్షణశక్తిని మేల్కొలుపును. కావున బంటును దాదిని గూడ తోడుచేసికొన్న పసుపుమొక్కకు రెండంచెల కావలి యేర్పడును. బయట ఒకటి, లోపల ఒకటి.

ఈ రెంటిని సాగులోనికి తెచ్చు మార్గములు వేరువేరు. ట్రైకోడెర్మా ప్రాణములేని సేంద్రియ పదార్థముపై గూడ పెరుగును గనుక, ప్రయోగశాలలో పెంచి పొడిగా చేసి అమ్ముదురు. రైతు దానిని తన దొడ్డిలోనే వృద్ధిచేసికొనవచ్చును. 90 కిలోల బాగుగా చివికిన పశువుల ఎరువును, 10 కిలోల వేపపిండిని కలిపి, అందు 2 కిలోల ట్రైకోడెర్మా పొడిని చల్లి, నీరు చిలుకరించి కలుపవలెను. పిడికిట పట్టినచో ముద్ద కట్టవలెను గాని నీరు కారరాదు. దానిని చెట్టునీడన కుప్పగా పోసి, తడిగోనెలు కప్పి, ఆరిపోకుండ చూచుకొనవలెను. వారము పది దినములకు కుప్పపై మొదట తెల్లని నూలుపోగులవంటి బూజు, తరువాత పసరువన్నె పొడి కనబడును. బంటు బలగము పెరిగినదని అదియే గుర్తు. ఈ 100 కిలోల ఎరువును ఒక ఎకరమునకు, నేలలో తేమ యున్నప్పుడు, దుంప నాటు సాళ్ళలో పడునట్లు చల్లుదురు. విత్తనపు దుంపలకు గూడ ట్రైకోడెర్మా పట్టించి నీడన ఆరబెట్టి నాటుట మంచిది.

మైకొరైజా మాట వేరు. అది ప్రాణమున్న వేరునందు తప్ప పెరుగదు. కావున జొన్న, మొక్కజొన్న, గడ్డి మొదలగు మొక్కలను శుద్ధిచేసిన మంటితో నింపిన కుండీలలో పెంచి, వాని వేళ్ళపై ఈ శిలీంధ్రమును వృద్ధిచేయుదురు. తరువాత ఆ వేరుముక్కలను, మంటిని కలిపియే ఎరువుగా అమ్ముదురు. రైతులు దీనిని వామ్ అను పొట్టిపేరుతో పిలుచుదురు. ఇది నేలపై చల్లిన ప్రయోజనము లేదు. మొలచు వేరునకు తగులునట్లు దుంప క్రిందనే వేయవలెను. వేరులో అది వ్యాపించుటకు కొన్ని వారములు పట్టును. అందుచేత నాటునాడే దీనిని వేయుట యుక్తము. మన నిజామాబాదు ప్రాంతమున పసుపులో మొక్కజొన్నను అంతరపంటగా వేయు అలవాటు కలదు. మొక్కజొన్న వేరును ఈ చెలికానికి నివాసమే. ఆవ, క్యాబేజీ జాతుల మొక్కలు మాత్రము దీనిని దరిజేరనీయవు.

మిత్రుని పిలిచి తెచ్చుటయే చాలదు. అతడు నిలుచునట్లు చూచుకొనవలెను. భాస్వరపు ఎరువు అధికముగా వేసినచో మొక్కకు దాదితో పని తీరిపోవును. అది శిలీంధ్రమునకు ఆహార మిచ్చుట తగ్గించును. మాటిమాటికి లోతుగా దున్నినచో దాని దారములు తెగిపోవును. కార్బెండజిం వంటి మందు ట్రైకోడెర్మాకు ప్రాణాంతకము. రెంటిని కలిపి వాడరాదు. సేంద్రియ ఎరువు లేని, ఎండిన మంటిలో బంటు ఆకలిచేత చచ్చును. ట్రైకోడెర్మా పొడి సజీవమైన వస్తువు. దానికి ఆయుర్దాయము కలదు. సంచిపై ముద్రించిన తేదీని చూడక కొనుట, ఎండలో పడవేయుట, గడువు దాటినది వాడుట ఇవన్నియు ధనమును మంటిలో పోయుటయే. పొడి చల్లునప్పుడు ముక్కునకు నోటికి గుడ్డ కట్టుకొనుట మరువరాదు.

ఈ శిలీంధ్రములు సర్వరోగ నివారిణులని భ్రమపడరాదు. ఇవి కాపరులు గాని వైద్యులు కావు. కుళ్ళిన దుంపను ఇవి బ్రతికింపలేవు. నీరు నిలిచిన చేలో ఇవి పిథియమునకు ఎదురు నిలుచుట దుర్లభము. కావున మొదటి రక్షణ రైతు చేతిలోనే యున్నది. తెగులు లేని చేలనుండి గట్టిదుంపలను ఏరి విత్తనమునకు దాచవలెను. బోదెలపైనో, ఎత్తుమళ్ళపైనో నాటి, నీరు పోవుటకు కాలువలు తీయవలెను. కుళ్ళిన మొక్కలను దుంపతో సహా పెకలించి చేనికి దూరముగా పారవేయవలెను. లేనిచో దుంప ఈగ ఆ వాసనను పట్టి వచ్చి గ్రుడ్లు పెట్టును. ఒకే చేలో ఏటేట పసుపే వేయక పంట మార్చవలెను. ఈ పనులన్నియు చేసిన చేలో శిలీంధ్రముల కావలి చక్కగా ఫలించును. నిజామాబాదు జిల్లా కమ్మరపల్లిలోను, కేరళమందలి కోళిక్కోడులోను పసుపుపై పరిశోధనచేయు సంస్థలు కలవు. తమ నేలకు తగిన మోతాదును, రకమును రైతులు అట్టి సంస్థలవారి నడిగి తెలిసికొనవచ్చును.

ఫలితమును తెలిసికొను పద్ధతిని గూడ మీరు గ్రహింపవలెను. ఒక రైతు చేనంతటికిని ట్రైకోడెర్మా వేసి, ఆ యేట తెగులు రాకపోగా, అది ట్రైకోడెర్మా మహిమయే యని చెప్పినచో ఆ మాట శాస్త్రసమ్మతము కాదు. ఆ యేట వానలు తక్కువ పడి యుండవచ్చును. విత్తనమే మంచిదై యుండవచ్చును. నాలుగు సాళ్ళకు వేసి, ప్రక్కనే నాలుగు సాళ్ళకు వేయక విడిచి, తక్కిన సేద్యమంతయు రెంటికి సమానముగా చేసి, చచ్చిన మొక్కలను రెండుచోట్ల లెక్కించి, త్రవ్విన దుంపలను రెండుచోట్ల తూచి చూచినచో నిజము బయటపడును. వైన్‌డ్లింగు, మోస్ చేసిన పరీక్షల సారము ఇంతకంటె వేరు కాదు. త్రాసు, కాగితము, ఓరిమి యున్న ప్రతి రైతు బిడ్డయు ఈ పరీక్ష చేయవచ్చును. నేలలు పలువిధములు గనుక, ఒక యూరి ఫలితము మఱియొక యూర అట్లే యుండవలెనను నియమము లేదు. తన చేని సంగతి తన చేలోనే తేలవలెను.

వేళ్ళలోని చెలికాని మన కన్ను చూడలేదు. వేళ్ళను క్షారములో ఉడికించి, పుల్లని ద్రవమున కలిపిన సిరాలో ముంచినచో, శిలీంధ్రపు దారములు, చిట్టిచెట్లు రంగు పట్టి సూక్ష్మదర్శినిలో స్పష్టముగా కనబడును. ఉపాధ్యాయులు దగ్గరనుండి చేయింపవలసిన పని యిది. ఆ దృశ్యమును ఒక్కమారు చూచినవారు మన్నును మరల ప్రాణములేని పదార్థముగా తలపరు.

పంట కోసినప్పుడు రైతు చేతికి వచ్చునది దుంప. దాని వెల అంగడిలో తెలియును. కాని ఆ దుంపను తొమ్మిది నెలలు కాచిన మంటి వెల ఏ అంగడిలోను చెప్పరు. పూర్వులు మనకిచ్చిన చేనిలో భూమి మాత్రమే కాదు, ఈ మూగకాపరులును ఉన్నారు. ఎరువు పెట్టి, నీటిని అదుపుచేసి, విచక్షణతో మందు వాడినచో వారు నిలిచి యుందురు. ఏమరినచో చెప్పకయే వెడలిపోవుదురు. శత్రువు వచ్చిన పిమ్మట ఆయుధము వెదకుటకంటె, దుంప నాటునాడే మిత్రుని గూడ నాటుట తెలివిగల సేద్యము.